నిలబడే చోట నీడేదీ?

మన పట్టణాల్లో పచ్చదనం పెరిగిందంటే కాదనడానికి లేదు. రోడ్డు మధ్య డివైడర్ పొడుగునా కాగితంపూల మొక్కలు, నూరువరహాల గుత్తులు. ఫ్లైఓవర్ స్తంభాలకు చిన్న చిన్న కుండీలు తగిలించి నిలువు తోటలు. కూడళ్లలో బంతుల్లా కత్తిరించిన పొదలు, వాటి మధ్య ఓ ఫౌంటెన్, రాత్రయితే ఆకుపచ్చ లైట్లు. కారు అద్దంలోంచి చూస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! హైదరాబాద్‌కయితే 2020 సంవత్సరానికి ప్రపంచ వృక్ష నగరాల జాబితాలో చోటు కూడా దక్కింది. సంతోషమే.

అయితే ఓసారి కారు దిగండి. అదే రోడ్డు పక్కన, మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఓ పావుగంట నిలబడి చూడండి. కాగితంపూలు రోడ్డు మధ్యలో విరగబూస్తుంటాయి. మనం రోడ్డు పక్కన మాడిపోతుంటాం. కొంగు నెత్తిన కప్పుకుని, పర్సు నుదుటికి అడ్డం పెట్టుకుని, కరెంటు స్తంభం పక్కన జానెడు నీడ పడితే అందులోనే ఒకరి వెనక ఒకరు సర్దుకుని నిలబడే ఆడవాళ్లని మీరూ చూసే ఉంటారు. ఇంత ఖర్చు పెట్టి పెంచిన పచ్చదనంలో వాళ్లకి దక్కిన వాటా ఆ స్తంభం నీడే. దాన్ని కూడా ఎవరూ వాళ్లకోసం పాతలేదు!

రోడ్డు మధ్యనున్న మొక్క నీడలో ఎవరు నిలబడతారు చెప్పండి? ఎవరూ నిలబడరు. నిలబడితే లారీ కింద పడతారు. మరి ఆ మొక్క ఎవరికోసం? రోడ్డు మీద పోయేవాళ్లు చూసి ఆనందించడానికి. చూడ్డానికి పచ్చగా ఉండటం తప్పు కాదు. ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు కళ్లలో పడకుండా ఆ పొదలు కాస్త అడ్డం పడతాయి కూడా. కానీ ఉన్న డబ్బంతా, ఉన్న నీళ్లన్నీ చూపులకే పోస్తే నీడకి మిగిలేదేమిటి? పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

నడిచేది ఎవరు?

ఇది అందరి సమస్యే కదా, ఆడవాళ్ల పేజీలో ఎందుకూ అనొచ్చు ఎవరైనా. ఎండకు ఆడా మగా తేడా లేదు నిజమే. ఎండలో నిలబడేవాళ్లలో మాత్రం ఉంది. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వ్యవసాయం కాని ఇతర పనులు చేసుకునేవాళ్లు పనికి ఎలా వెళ్తున్నారో అడిగారు. ఆడవాళ్లలో నూటికి 45 మంది నడిచే వెళ్తున్నారని తేలింది. మగవాళ్లలో నడిచేవాళ్లు 27 మందే. ఇంట్లో ఒక్క స్కూటరుంటే అది ఎవరితో పోతుందో వేరే చెప్పాలా? మిగిలినవాళ్లకి నడకో, షేర్ ఆటోనో, బస్సో గతి.

అదీ ఉద్యోగాల లెక్క మాత్రమే. లెక్కలోకి రాని తిరుగుడు ఇంకెంతో ఉంది. మధ్యాహ్నం బడి గేటు ముందు చిన్నపిల్లల కోసం ఎదురుచూసే తల్లులు. ముసలి అత్తగారి చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి వెళ్లే కోడళ్లు. నాలుగిళ్లలో అంట్లు తోమి, ఒక కాలనీ నుంచి ఇంకో కాలనీకి నడిచే పనమ్మాయిలు. పొద్దున్నే అడ్డా మీద కూలీ పిలుపు కోసం కూర్చునే వాళ్లు. ఆకుకూరల గంప, మల్లెపూల బుట్ట ముందు పెట్టుకుని పేవ్‌మెంటు మీద బేరం చేసుకునేవాళ్లు. వీళ్లకి చెట్టు అంటే అందం కాదు. అదే కొట్టు, అదే వెయిటింగ్ రూము. చెట్టు కొట్టేసిన మర్నాడు పూలమ్మి ఏ మూలకు పోయిందో ఎవరూ అడగరు. ఎండ తగిలితే మల్లెలు గంటలో వాడతాయి. ఆరోజు బేరం ఆరోజే పోయినట్టు.

ఇంకో మాట. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలుపెట్టారు. మంచి పనే. ఆ తర్వాత బస్సుల్లోనూ, బస్టాపుల్లోనూ ఆడవాళ్ల సంఖ్య ఎంత పెరిగిందో కళ్లారా చూస్తున్నాం. మరి టిక్కెట్టు మాఫీ చేసినవాళ్లు బస్సు వచ్చేదాకా నిలబడే చోటు గురించి కూడా ఆలోచించాలి కదా! స్టీలు రేకుతో కట్టే బస్ షెల్టర్లున్నాయి. పన్నెండు దాటాక వాటి కింద కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే. రేకు ఎండను ఆపుతుంది గానీ తను వేడెక్కి ఆ వేడిని మన నెత్తిన దించుతుంది. చెట్టు అలా కాదు. ఎండను ఆకుల మీదే ఆపి, వేళ్లతో పీల్చిన నీటిని ఆకుల్లోంచి ఆవిరిగా వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. తడి గుడ్డ చుట్టిన కుండలో నీళ్లు చల్లబడటం లాంటిదే ఇది. చెట్టు నీడలో ఉన్న నేల పక్కనే ఎండలో ఉన్న తారురోడ్డు కంటే పది డిగ్రీలకు పైగానే చల్లగా ఉండొచ్చు.

2015 మే నెల గుర్తుందా? వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎండల్లో బయటికి రావద్దని ఏటా టీవీల్లో చెప్తూనే ఉంటారు. రాకుండా ఉండగలిగినవాళ్లు ఎలాగూ రారు. వచ్చి తీరాల్సినవాళ్లకి ఏం చెప్తారు?

అశోకుడు ఎందుకు నాటించాడు?

అశోకుడు రోడ్లకిరువైపులా చెట్లు నాటించెను అని చిన్నప్పుడు మనమంతా బట్టీ పట్టినవాళ్లమే. ఎందుకు నాటించాడో మాత్రం మాస్టారు అడగలేదు, మనమూ చెప్పలేదు. ఆయన తన శాసనంలోనే రాయించాడు. పశువులకీ మనుషులకీ నీడ నివ్వడం కోసం దారుల్లో మర్రిచెట్లు నాటించానని. రెండువేల రెండువందల ఏళ్లకు పైబడిన ఆ మాటలో ఎంత స్పష్టత ఉందో చూడండి. చెట్టు రోడ్డుకి ఇరువైపులా ఉండాలి, మధ్యలో కాదు. నీడ కోసం ఉండాలి. బాటసారికే కాదు, పశువుకీ అందాలి.

అశోకుడు చక్రవర్తి కనక నాటించాడు అంటారా? చక్రవర్తులు కానివాళ్ల సంగతీ చెప్పుకుందాం. పక్కనున్న కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క ఏ చదువూ లేని కూలీ మనిషి. పిల్లలు లేరు. భర్తతో కలిసి హులికల్, కుదూరు ఊళ్ల మధ్య నాలుగున్నర కిలోమీటర్ల రోడ్డు పక్కన 385 మర్రిచెట్లు పెంచింది. నాటి వదిలెయ్యలేదు, కుండల్తో నీళ్లు మోసి పోసింది, పశువులు తినకుండా ముళ్లకంచె కట్టింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడాదే రోడ్డు వెడల్పు పేరుతో ఆ చెట్లకే ముప్పొచ్చింది. పద్మశ్రీ అందుకున్న చేతులతోనే ఆమె తన చెట్లు కొట్టొద్దని ముఖ్యమంత్రిని వేడుకోవాల్సి వచ్చింది! 2025 నవంబరులో, నూట పద్నాలుగేళ్ల వయసులో కన్నుమూసింది. మన ఖమ్మం జిల్లాలో వనజీవి రామయ్య గారు జేబుల్నిండా విత్తనాలు పోసుకుని కనిపించిన ఖాళీ జాగాలన్నిటా చల్లుకుంటూ పోయారు. ఆయన కూడా 2025లోనే వెళ్లిపోయారు. వీళ్లెవరూ ల్యాండ్‌స్కేప్ డిజైన్ చదవలేదు. కానీ ఏ చెట్టు ఎక్కడ పెడితే ఎవరికి ఉపయోగమో వాళ్లకి తెలిసింది.

రోడ్డా, చెట్టా?

రోడ్లు వెడల్పు చెయ్యాలా వద్దా, అభివృద్ధి కావాలా చెట్లు కావాలా అని గద్దించి అడిగేవాళ్లుంటారు. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారి మీద అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా తొమ్మిది వందల దాకా మర్రిచెట్లున్నాయి. నిజాం కాలం నాటివి. రోడ్డు విస్తరణకు వాటిని కొట్టాలన్నప్పుడు కొందరు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. ఏళ్లు గడిచాయి. ఈలోగా ఆ ఇరుకు రోడ్డు మీద ప్రమాదాలూ ఆగలేదు. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర ఆర్టీసీ బస్సూ టిప్పరూ ఢీకొని ఎందరో ప్రాణాలు పోయాయి. పోయినవాళ్ల ఇళ్లముందు నిలబడి చెట్లే ముఖ్యం అనగలమా? అనలేం. అనకూడదు కూడా.

కానీ చివరికి జరిగిందేమిటి? రోడ్డు ఎక్కడెక్కడ కాస్త పక్కకి జరగగలదో చూసి, ఎక్కువ మర్రుల్ని ఉన్నచోటే ఉంచేలా ప్లాను మార్చడానికి ఒప్పుకున్నారు. అంటే రోడ్డూ కావాలి, చెట్టూ ఉండాలి అని మొదటిరోజే గీసి ఉంటే ఇన్నేళ్లు పోయేవి కావు కదా! ఇంజనీరు గీసే మొదటి గీతలోనే చెట్టు ఉండాలి. రోడ్డంతా వేశాక మిగిలిన జాగాలో మొక్కలు పెట్టడం భోజనాలయ్యాక విస్తరి వేసినట్టే.

చెట్టును చూసి కట్టడం మనకు కొత్తేం కాదు. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తినప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఓ చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత అక్కడ ఉస్మానియా ఆస్పత్రి కట్టినప్పుడు ఆ చింతను కొట్టెయ్యలేదు, ఆవరణలోనే ఉంచారు. అంత పెద్ద ఆస్పత్రి కట్టడానికి అడ్డం రాని చెట్టు, ఇవాళ మన మురికికాలువకి అడ్డమొస్తుందా?

తొందరగా పెరిగేదే మంచిదా?

నాటే మొక్క ఏదనేది ఇంకో పెద్ద విషయం. కొత్త కాలనీల ముందు, షాపింగ్ మాల్స్ ముందు పామ్ చెట్లు వరసగా నిలబెడతారు. స్తంభంలా పొడుగు, పైన నాలుగు ఆకులు. దాని నీడ దాని మొదలుకే చాలదు. మనుషులకేం చాలుతుంది?

కోనోకార్పస్ కథ మరీ విడ్డూరం. తొందరగా పెరుగుతుంది, నీళ్లు పెద్దగా అడగదు, మేకలు ముట్టవు, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది అని ఊరూరా, వీధివీధినా నాటారు. ఇక్కడి పక్షీ పురుగూ ఆశ్రయించే చెట్టు కాదది. వేళ్లు పోయి పైపుల్లో, డ్రైనేజీల్లో చొరబడతాయనీ, పుప్పొడి వల్ల ఉబ్బసం, ఎలర్జీలు వస్తాయనీ ఫిర్యాదులు మొదలయ్యాయి. 2023లో గుజరాత్, 2025లో తమిళనాడు దాన్ని నాటడం నిషేధించాయి. మన దగ్గరా పెట్టొద్దన్నారు. పెట్టడానికో ఖర్చు, పీకడానికో ఖర్చు. ఈ మధ్యలో పోయిన ఏళ్లలో ఒక కానుగ మొక్క నాటి ఉంటే ఈపాటికి దాని కింద బెంచీ వేసుకుని ఉండేవాళ్లం.

కానుగ, వేప, రావి, నేరేడు, చింత, పొగడ... ఈ పేర్లు మన బామ్మలకి ఎవరూ చెప్పక్కర్లేదు. చోటును బట్టి చెట్టు అనేది కూడా వాళ్లకి తెలుసు. బస్టాపుకి కానుగో వేపో, చెరువు గట్టుకి నేరేడో మద్దో, కరెంటు తీగల కింద పారిజాతమో దేవకాంచనమో. తీగల కిందే రావిమొక్క నాటి, అది పెరిగాక కరెంటువాళ్లు వచ్చి నడినెత్తిన నరికితే తప్పెవరిది? చెట్టుదా, నాటినవాళ్లదా?

ఇక నాటిన తర్వాత సంగతి. ఏటా వర్షాకాలంలో వనమహోత్సవం చేస్తాం. 1950లో కె.ఎం.మున్షీ మొదలుపెట్టిన పండగ అది. ఫ్లెక్సీ, ఫొటో, పచ్చ టోపీలు. పోయినేడు తవ్విన గుంతలోనే ఈ ఏడూ మొక్క పెడతారని జోకులు కూడా ఉన్నాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే కదా. చట్టాలు లేవా అంటే ఉన్నాయి. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో నూటికి 85 బతకాలంది. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పదోవంతు పచ్చదనానికి తియ్యాలంది. ఆ పదోవంతు డివైడర్ పూలకెంత, నడిచే దారి చెట్లకెంత అని మాత్రం అడిగినవాళ్లు లేరు. మొక్క మూడు ఎండాకాలాలు దాటితేనే చెట్టవుతుంది. కాబట్టి లెక్క చెప్పేటప్పుడు ఎన్ని నాటారో కాదు, మూడో వేసవి దాటాక ఎన్ని నిలబడ్డాయో చెప్పాలి.

పార్కులో మనకి చోటెంత?

పార్కుల విషయమూ ఇంతే. చాలా పార్కులు పొద్దున్నే తెరిచి తొమ్మిదికో పదికో మూసేస్తారు. మళ్లీ సాయంత్రం తెరుస్తారు. వాకింగ్‌కి వచ్చేవాళ్ల టైమింగ్స్ అవి. ఎండ మండే మధ్యాహ్నం, రెండు పనుల మధ్య గంటసేపు నడుం వాల్చాలనుకునే పనమ్మాయికి గేటుకి తాళం. నీడ ఉంది, లోపల ఉంది, బంధించి ఉంది!

లోపలికి వెళ్లాక ఇంకో బాధ. మనిషెత్తు పొదలు పెంచుతారు. వాటి వెనక ఎవరున్నారో కనపడదు. సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లలు ఆ వైపు పోరు. మోకాలెత్తు పొదలు, పైన గొడుగులా కొమ్మలున్న చెట్లు, మధ్యలో చూపు సాగేలా ఖాళీ, తగినన్ని లైట్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే చాలు, అదే పార్కు ఆడవాళ్లతో నిండిపోతుంది. ఇది ఊహ కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990లలో చూస్తే, పదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని తేలింది. మగపిల్లలు ఆటలతో చోటంతా ఆక్రమించుకుంటుంటే వాళ్లతో పోటీ పడలేక. 1999లో రెండు పార్కుల్ని తిరగరాశారు. దారులు పెంచారు, వాలీబాల్, బాడ్మింటన్ లాంటి ఆటలకు చోటిచ్చారు, పెద్ద ఖాళీ జాగాను మొక్కలతో చిన్న చిన్న భాగాలుగా విడదీశారు. ఆడపిల్లలు మళ్లీ వచ్చారు. మగపిల్లల్ని ఎవరూ బయటికి పంపలేదు, అందరికీ చోటు సరిపోయింది. మొక్క ఎక్కడ పెట్టాలన్నది తోటమాలి పని మాత్రమే కాదని దీనివల్ల తెలియడం లేదూ?

పచ్చదనం వెనక పనిచేసే ఆడవాళ్లనీ మరవద్దు. డివైడర్ల మీద కలుపు తీసేది, ట్యాంకర్ పైపు పట్టుకుని రెండువైపులా దూసుకుపోయే బండ్ల మధ్య నీళ్లు పెట్టేది చాలాచోట్ల ఆడకూలీలే. నర్సరీల్లో సంచుల్లో మట్టి నింపేదీ వాళ్లే. రోడ్డు పనులకు వలసొచ్చిన తల్లులు చెట్టుకొమ్మకి చీర ఊయల కట్టి పసిబిడ్డను పడుకోబెట్టి తట్ట ఎత్తుతారు. రోడ్డు పూర్తయ్యేసరికి ఆ చెట్టు ఉండదు. తర్వాతి రోడ్డు పనికి వచ్చే తల్లి ఊయల ఎక్కడ కడుతుంది?

మన వంతు

అన్నీ మున్సిపాలిటీ మీదకి నెట్టేసి ఊరుకుంటే న్యాయం కాదు. ఆకులు రాలి వాకిలి చెత్తవుతోందని, కారు మీద పిట్టలు రెట్ట వేస్తున్నాయని, ఇంటి బోర్డు కనపడటం లేదని చెట్టు కొట్టించే ఇళ్లు మన వీధిలోనూ ఉన్నాయి. ఇంటిముందు గచ్చు చేయించేటప్పుడు చెట్టు మొదలు దాకా సిమెంటు పోయిస్తారు. పీకకి తాడు బిగించినట్టే అది. నీళ్లు దిగక, వేళ్లకి గాలి అందక చెట్టు లోలోపల చచ్చి, ఏ గాలివానకో మీద పడుతుంది. అప్పుడు చెట్లు ప్రమాదం అంటాం. చుట్టూ ఒక గజం మట్టి వదిలితే ఏం పోయింది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను ఊడ్చేసింది. చెట్టు లేని ఊరు ఎలా ఉంటుందో ఆ తర్వాత వేసవిలో విశాఖవాళ్లకి తెలిసొచ్చింది. మనం తుపాను అక్కర్లేకుండానే ఆ పని చేసుకుంటున్నాం.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ప్రతి బస్టాపుకి, ప్రతి బడి గేటుకి, ప్రతి ప్రభుత్వాస్పత్రికి, ప్రతి రైతుబజారుకి పడమటి వైపు రెండు నీడచెట్లు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కాల్చే ఎండ అటునుంచే కదా వచ్చేది. చెట్టు చుట్టూ మట్టి, దాని పక్కన నడవడానికి చోటు. మధ్యాహ్నం తెరిచి ఉండే పార్కు. మొక్కలు పెంచే పని, మూడేళ్లు కాపాడే పని వార్డులోని పొదుపు సంఘాలకి, సరైన కూలీ ఇచ్చి. ఈసారి కార్పొరేటర్ వీధిలోకి వచ్చినప్పుడు కాలువ గురించి, కుళాయి గురించి అడిగినట్టే ఈ ఒక్కటీ అడుగుదాం. ఏ పని మొదలుపెట్టినా ప్లాను కాగితం మీద చెట్లెక్కడున్నాయో చూపించమందాం.

అందంగా ఉన్న ఊరంటే ఎవరికి ఇష్టం ఉండదు! డివైడర్ మీద పూలు పూయనివ్వండి, ఫౌంటెన్‌లో నీళ్లు ఎగరనివ్వండి. ముందు మాత్రం కాలినడకన పోయే మనిషి నెత్తిన నీడ పడనివ్వండి. చంటిపిల్లని చంకనేసుకుని బస్సుకోసం చూసే ఆ తల్లి చల్లగా నిలబడగలిగితే, అంతకంటే అందమైన వీధి ఇంకెక్కడుంటుంది?